పేకాటకు కాపలా

పేకాట అనే మాట తప్ప నీకు ఇంకే మాటా దొరకలేదా అన్నా? పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌తో అనే మాటేనా అది? ఫోన్‌లో అడుగుదామంటే నీ చెవిలో సగమే పడుతుంది, ఆ సగం కూడా నీకు కావలసిందే పడుతుంది. అందుకే రాస్తున్నాను. వదిన చదివి వినిపించాలి, నువ్వు మధ్యలో లేచిపోకూడదు.

సరే, కోపం కొంచెం దిగింది. నీకూ వదినకూ తమ్ముడు మల్లేశం దండాలు. నీ మోకాలు ఎలా ఉంది? ఇక్కడ నేను, సుగుణ, మన పిల్ల అఖిల మంచిగానే ఉన్నాం, ఫికర్ పెట్టుకోకు. వారం నుంచి ఒకటే ముసురు. గచ్చిబౌలిలో నేను కాపలా ఉండే అపార్ట్‌మెంట్ ముందు రోడ్డంతా నీళ్లే. కార్లలో వచ్చే ఐటీ సార్లు అద్దం దించి "ఎంత లోతుంది?" అని అడుగుతారు. నేను దిగి నిలబడి చూపిస్తాను. కొలబద్ద పని కూడా ఉంటుందని ఉద్యోగంలో చేరినప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఇక అసలు సంగతి. పిల్ల పాస్‌పోర్టుకు ఊరి అడ్రసే ఇచ్చాం కదా, మొన్న మన మండలం స్టేషన్ నుంచి ఆ కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. "ఏందయ్యా మల్లేశం, నీ బిడ్డ విదేశంల పేకాటకు పోతదట, నువ్వు గేటుకాడ కాపలా ఉంటవట?" అన్నాడు. తర్వాత తెలిసింది. పిల్ల ఎందుకు పోతుందని అడిగితే నువ్వు "పేకాటకు సార్" అన్నావట. ఎక్కడ నేర్చుకుందంటే "వాళ్ల బాపు గేటుకాడ కాపలా ఉంటడు సార్, లోపట ఆడుతరు" అన్నావట. ఆయన అడగకపోయినా "మస్తు ఆడుతది సార్" అని కూడా అన్నావట. ప్రతి మాటా నిజమే. అదే నా బాధ.

పిల్లను మన దేశం జట్టులోకి తీసుకున్న కాగితం వాట్సాప్‌లో పంపాక కొంచెం మెత్తబడ్డాడు. సోమవారం మళ్లీ మీ ఇంటికి వస్తాడు. అప్పుడూ ఇదే రాసుకుపోతే పాస్‌పోర్టు రాదు, పిల్ల పోలండ్‌లో పోటీలకు పోవడం జరగదు. అది ఒక్కతే ఆగిపోదు, దాని జోడీ పిల్ల కూడా ఆగిపోతుంది. ఇద్దరూ ఏడాదిగా కలిసి ఆడి ఒక లెక్క కుదుర్చుకున్నారు. కొత్త మనిషిని తెచ్చి ఎదురుగా కూర్చోబెడితే కుదరదు.

ఆ ఆట పేరు బ్రిడ్జి. ఇక్కడ క్లబ్‌హౌస్‌లో ప్రసాదరావు గారని కాకినాడ వైపు పెద్దాయన, రిటైరైన ఇంజినీరు. ఒకరోజు నాకు అన్నం డబ్బా తెచ్చిన అఖిలను చూసి "అమ్మాయ్, నాలుగో మనిషి తక్కువయ్యాడు, కాసేపు కూర్చుంటావా?" అన్నారు. అలా మొదలై, పోటీలు గెలుచుకుంటూ పిల్ల జట్టు దాకా వచ్చింది. పైసా పందెం ఉండదు. పోటీల్లో అయితే రెండు గదులు. ఒక గదిలో మనవాళ్లకు పడిన ముక్కలే రెండో గదిలో అవతలి దేశం వాళ్లకు పడతాయి. ముక్కలు బాగా పడలేదని సాకు చెప్పడానికి లేదు. ప్రతి ఆటలో ఒకరు తమ ముక్కలన్నీ బల్లమీద పరిచి నోరు మూసుకుని కూర్చోవాలి, ఆ మనిషిని డమ్మీ అంటారు. మా ఇంట్లో ఆ పని నాది కాబట్టి నాకు చప్పున అర్థమైంది.

సోమవారం మాత్రం పేకాట అనకు. బ్రిడ్జి అని కూడా అనకు, కట్టే కాంట్రాక్టరు ఎవరని అడుగుతాడు. "మన దేశం తరఫున ఆడనీకి పోతది సార్," అంతే. ఆ తర్వాత వదిన చాయ్ తేవాలి, నువ్వు ఆ చాయ్ తాగుతూ ఉండాలి. వదినా, ఈ మాట ఆయనతో రోజూ రెండుసార్లు చెప్పించు.

నీమీద కోపం వచ్చిందా అని అఖిలను అడిగాను. నవ్వింది. "పెద్దబాపు నా గురించి పోలీసోళ్లకు గొప్పగ చెప్పిండు బాపూ. నువ్వు ఎవ్వలకన్న చెప్పినవా?" అంది. నిజంగానే నేను ఎవరికీ చెప్పలేదన్నా. పేకాట అంటారేమోనని.

చింతకాయ తొక్కు ఒక సీసా పంపించు, పిల్ల తీసుకుపోతానంటోంది. దానికి మీ ఇద్దరి దీవెనలు కావాలి, నాకు నీ నోటి అదుపు చాలు. అత్తమ్మకూ, పక్కింటి రాజవ్వకూ నా దండాలు చెప్పు. మేం మంచిగానే ఉన్నాం, ఫికర్ వద్దు.

అదిగో, ప్రసాదరావు గారు క్లబ్‌హౌస్ మెట్ల మీద నుంచి కేక వేస్తున్నారు. "మల్లేశం గారూ, డ్యూటీ దిగారుగా, రండి! నాలుగో మనిషి రాలేదండీ!" వస్తున్నా సార్ అన్నాను. అన్నా, ఒక్క సంగతి నీకు చెప్పనే లేదు, కానిస్టేబుల్‌కు మాత్రం చెప్పకు. కాపలా ఒక్కటే కాదు, బిడ్డకు ఇంట్లో సాధన కావాలని ఈ మధ్య నేను కూడా పేకాట...