ఊడ్వని గది

గద్వాల, ఆషాఢ శుక్రవారం

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను, నిద్ర రాలేదు. ప్రయాణమైనవాడు క్షేమంగా చేరేదాకా ఇల్లు ఊడ్వకూడదంటారు. మేనల్లుడు శీనయ్య చదువుకని లండను ఓడ ఎక్కినప్పటి నుంచి చేరానని జాబొచ్చినా అక్క వాడి గది ఊడ్వలేదు.

"ఒక్కతాన ఉంటెగద చేరిండనేది! పొద్దున చదువు, మాపటికి దోస్తులు, సెలవొస్తె షికార్లు" అంటుంది. నేను రాయచూరు దాటి ఎరగను, అయినా లండను వీధులన్నీ చెప్పగలను. అది వేరే కథ.

దోస్తులతో సముద్రం మీద పడవ షికారుకు పోతున్నానని రాశాక వాడి నుంచి మళ్లీ జాబు లేదు.

ఈ సాయంత్రం ఆ గది దుమ్ములో తడి బూటు అడుగులు కనిపించాయి. గుమ్మం నుంచి మంచం దాకా ఉన్నాయి, వెనక్కి లేవు. మా ఇంట్లో బూట్లు తొడిగేవాడు వాడొక్కడే. ఊళ్లో ఇంకా వాన పడలేదు.

"ఎవడో దొంగ జొర్రిండక్కా" అన్నాను.

"దొంగ ఏందిర తమ్మీ? పిల్లగాడు చేరిండు."

అక్క చీపురు తెచ్చి గది ఊడ్చింది.