గుడ్డు ముట్టని ఉడుము

ప్రియమైన అక్కకు, దేవుని దయతో తమ్ముడు ఏసేపు రాసుకునే వందనాలు. కువైట్‌లో నేను బాగున్నాను. ఆళ్లగడ్డలో నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నంద్యాల పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోనులో నాకు మాట పెగలడం లేదు. అందుకే సెలవు మీద వస్తున్న మహానంది ఊరాయన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

"అమ్మ పోతే నీకు కండ్లల్లో నీళ్లన్నా రాలేదేందిరా?" అని అడిగావు. రాలేదక్కా. భూస్థాపన అంతా ఫోనులో చూశాను. తర్వాత గొర్రెలకు నీళ్లు పెట్టి, దొడ్డి ఊడ్చాను. అప్పటి నుంచి అన్నం సగం తిని సగం పారేస్తున్నాను. ఇంకేమీ లేదు, బాగానే ఉన్నాను. ఎండలు మాత్రం మన దగ్గరకన్నా ఎక్కువ.

పోయిన వారం యజమాని ఎడారిలో ఒక ఉడుమును పట్టుకొచ్చి బోర్లించిన తొట్టి కింద మూశాడు. శుక్రవారం చుట్టాలొస్తే కోస్తారట, అంతవరకు బతికించమని నాకు అప్పగించాడు. మన నల్లమల ఉడుము కోళ్ల గూట్లో దూరి గుడ్లు మింగేది కదా. నేనూ రోజూ కోడిగుడ్డు పెట్టాను, మాంసం ముక్క పెట్టాను. ముట్టలేదు. నా మాదిరే దీనికీ తిండి పోవడం లేదనుకున్నాను.

నాతో పనిచేసే సూడాన్ పెద్దాయన చూసి నవ్వాడు. ఇది ఉడుము కాదట, ఇక్కడ దీన్ని దబ్ అంటారట. పెద్దదయ్యాక ఆకులూ గడ్డీ తప్ప పెద్దగా ఏమీ తినదు, ఆకులో ఉండే తడే దానికి నీళ్లు అన్నాడు. ఒళ్లు వేడెక్కితేనే తింటుందని నడుముకు తాడు కట్టి ఎండలో వదిలాడు. నల్లగా ఉన్న ఒళ్లు మెల్లగా పసుపెక్కింది. అప్పుడు గొర్రెల పచ్చమేత వేస్తే ముందు అందులోని పూలు, తర్వాత లేత కొసలు కొరుక్కుని తినింది. దాని పక్కన కూర్చుని ఆ పూట నా రొట్టె అంతా తిన్నాను.

శుక్రవారం కోశారు. నాకూ ఒక పళ్లెంలో పెట్టారు. వద్దనలేదు, తిన్నాను. ఏ రుచీ తెలియలేదు.

అమ్మ మంచం పట్టి ఏమీ తినడం లేదని నువ్వంటే, "గుడ్డు పెట్టక్కా, బలమొస్తాది" అని రోజూ చెప్పింది నేనే. నువ్వు ఉడకబెట్టి పెట్టేదానివి, ఆమె మూతి తిప్పుకునేది. నిన్నేమీ అనడం లేదక్కా, ఇద్దరమూ బతికించుకోవాలనే చేశాము.

బావకు, పెద్దమ్మకు నా వందనాలు చెప్పు. జ్ఞాపకార్థ కూడికలో నా పేరు కూడా ఎత్తి ప్రార్థన చేయించు. ఒక్కటి మాత్రం తప్పకుండా రాయి. అమ్మ తనంతట తాను ఏమన్నా అడిగిందా? ఆమె మంచం పట్టింది చింతచిగురు కాలంలో కదా. ఏమడిగిందో తెలిస్తే నాకు ఏడుపు వస్తుందేమో.

నీ ప్రార్థనలు కోరే తమ్ముడు,
ఏసేపు