కారు కింద రెండేసి క్లిప్పులు

కారు తాళం తిప్పకు. పెట్రోలు పైపు కోసేసి ఉంది. కారినచోట ఇసుక పోశాను కానీ వాసన ఇంకా పోలేదు. షెడ్డు తలుపులు తీసే ఉంచు, అటువైపు అగ్గిపుల్ల గీయకు.

నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. పాత పైపు చిట్లిపోయి ఉంటుందని కొత్తది తెచ్చుకుని కారు కింద దూరాను. ముసలి బండి, పైపు ఓ పట్టాన ఊడి రాదు కదా, అలవాటు కొద్దీ చూడకుండానే బ్లేడు పెట్టాను. తీరా ముక్క చేతికొచ్చాక చూస్తే అది కొత్త పైపు! రెండు చివర్లా రెండేసి క్లిప్పులు. వంటగ్యాసు పైపుకి అలా బిగించేది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే.

"ఆ డొక్కుని పాత ఇనుము వాడికి తోలెయ్యండి" అని నిన్న కూడా నా ప్రాణం తీశావు. మరి దాని కిందికి ఎప్పుడు దూరావు? అసలెందుకు దూరావు? నీకు టార్చి పట్టుకోవడం తప్ప ఏమీ రాదనుకున్నానే ఇన్నాళ్ళూ! లేపి అడుగుదామంటే నువ్వు మంచి నిద్రలో ఉన్నావు, నాకు డ్యూటీ టైమైపోయింది.

నేను తెచ్చిన పైపు బల్ల మీదుంది. బిగించబుద్ధి కాలేదు.

— మీ ఆయన

సాయంత్రం నువ్వే బిగించు. టార్చి నేను పట్టుకుంటాను.