నిండు క్యాన్లతో ల్యాండింగ్

ఆదివారం, పడుకునే ముందు

వారం రోజులుగా మా బాపు నా ఫ్లైట్ సిమ్యులేటర్‌ను "ఆట" అంటున్నాడు. ఇది ఆట కాదని చూపించాలని సాయంత్రం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. శంషాబాద్ నుంచి విజయవాడ. దారంతా చక్కగానే నడిపాను. తీరా దిగేటప్పుడు విమానం రన్‌వే మీద మూడుసార్లు ఎగిరి పడింది.

రోజూ బండి మీద పాలు పోసొచ్చే బాపు నవ్వాడు. "పాలన్నీ ఒలకబోసినవ్ గదరా!"

"ఇది విమానం బాపు, నీ పాలబండి కాదు!" అని అరిచాను.

ఆయనకు కోపం రాలేదు. "ఏ బండైతేంది బిడ్డా? ఎనక నిండు క్యాన్లున్నయనుకో. దూరం నుంచే జోరు తగ్గించుకుంట రా. ఆఖర్ల తగ్గిస్తే మూతలు ఎగురుతయ్."

ఒళ్ళు మండింది. అయినా అట్లా చేస్తే ఏమవుతుందో చూడాలనిపించింది. మళ్ళీ ఎగిరి, ఈసారి ఊరు కనబడకముందే వేగం తగ్గించుకుంటూ వచ్చాను. చక్రాలు నేలను తాకినట్టే తెలియలేదు.

"గిప్పుడు సుక్క ఒలకలే," అని బాపు తెర మీదికి వంగాడు. "రెక్క మీద గా లేచిన పలకలేందిరా?"

దిగాక గాలికి అడ్డం లేచి వేగం తగ్గించేవని చెప్పాను. తెలియనిది ఆయన ఎంత సులువుగా అడిగాడు!

శ్రమను గౌరవించమనే పోస్టర్లు మా గౌలిపురా గోడలన్నిటికీ అంటించిన వాణ్ణి. చిన్నప్పటి నుంచి ఆ బండి ఎక్కుతూనే ఉన్నాను గానీ, పాలు ఎందుకు ఒలకవో ఒక్కసారీ అడగలేదు. పైగా "నీ పాలబండి" అన్నాను. ఆ "నీ" నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది?

రేపు పొద్దున బాపుతో పాలు పోయడానికి పోతాను. దబీర్‌పురా బ్రిడ్జి దిగేటప్పుడు జోరు ఎక్కడ తగ్గిస్తాడో చూడాలి.