కూర్చుని పాఠం చెప్పిన ఓర్విల్ టెస్మర్ గురించి

కెటిల్‌ఫర్డ్ కమ్యూనిటీ కాలేజీ, ఒహాయో
డీన్ హాస్కెల్ బ్రాంట్ గారి సముఖమునకు

అయ్యా,

విషయం: కీర్తిశేషులు ఓర్విల్ టెస్మర్ గారి బోధనపై తాము వ్రాసిన అభిప్రాయమును రద్దుపరచుట గురించి.

ఇదే కాలేజీలో తాత్కాలికముగా ఇంగ్లీషు బోధించు లోర్నా పెట్రోస్కీ విన్నవించుకొనునది:

1. టెస్మర్ గారు ఇక్కడ ఇరవై ఏళ్ళకు పైగా తాత్కాలిక పద్ధతిపైనే బీజగణితం బోధించిరి. ఆయనకు గది లేదు, బల్ల లేదు. పిల్లల పేపర్లు కారు డిక్కీలో ఉండేవి. సందేహమున్నవారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకొని, హీటరు వేసి చెప్పేవారు. క్లాసుల పట్టికలో ఆయన పేరుండవలసిన చోట "సిబ్బంది" అని ఉండేది.

2. గత నెల తాము తనిఖీకి వచ్చిన ఉదయం ఆయన నాకు కార్ల దగ్గర ఎదురుపడిరి. ముఖం బూడిదరంగు. ఎడమ చెయ్యి పట్టుకొని ఉన్నారు.

"పద ఓర్విల్, ఆస్పత్రికి పోదాం" అన్నాను.

"ఇవాళ డీన్ వస్తున్నాడు లోర్నా. మనలాగే తాత్కాలికంగా చెప్పే బెర్నిస్ ఆపరేషన్‌కని సెలవడిగింది, మళ్ళీ పిలిచారా దాన్ని?"

3. తాము వెనక బెంచీలో ఆసీనులై యుండగా ఆయనకు చెమటలు పట్టినవి. రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన డ్వేన్ అను విద్యార్థి లేచి, "మాస్టారూ, ఇంటికెళ్ళండి. మేమెవరికీ చెప్పం" అనెను. "ఈ ఒక్క లెక్కా కానీ నాయనా" అని ఆయన కుర్చీలో కూర్చుని, ఆ లెక్క పూర్తిచేసిరి. తాము ఏదో వ్రాసుకొని వెడలిపోతిరి. కాసేపటికే ఆయన తన కారు పక్కన కూలి మరణించిరి.

4. అంత్యక్రియల మర్నాడు తమ అభిప్రాయపత్రం ఆయన ఇంటికి చేరినది. "కూర్చుని బోధించుచున్నారు. చురుకుదనం లేదు. కొనసాగింపునకు సిఫారసు చేయబడలేదు." ఆయన భార్య మార్లిస్ నాకు ఫోన్ చేసి, "ఆయన బద్ధకస్తుడా లోర్నా?" అని అడిగింది. ఏం చెప్పమంటారు?

5. తమ గదికి వచ్చి అడుగగా, "అభ్యంతరం ఉంటే సదరు అధ్యాపకుడే వచ్చి సంతకం పెట్టాలమ్మా, రూలు" అంటిరి. హాస్యానికి అనలేదు. అప్పుడే ఆయన క్లాసు నన్ను తీసుకోమంటిరి. నాకు లెక్కలు రావండీ అంటే, "పుస్తకం ఉందిగా" అంటిరి.

కావున ఆ కాగితము చింపి, ఆ మనిషి చావుబతుకుల్లో ఉండి కూడా పాఠం పూర్తిచేశాడని మార్లిస్‌కు తమ చేతితో వ్రాయవలెనని ప్రార్థన. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లోర్నా పెట్రోస్కీ

తా.క. హాస్కెల్, అంబులెన్సు వచ్చేలోగా అతను నన్ను అడిగింది ఒక్కటే. "డీన్‌కి నచ్చిందంటావా?" నచ్చింది, వెళ్తూ వెళ్తూ నవ్వాడు కూడా అన్నాను. "అమ్మయ్య" అని కళ్ళు మూసుకున్నాడు. నీ తరఫున నేనాడిన అబద్ధం అది. నిజం చెయ్యి.