ఫొటోను ఆపేసిన మూడక్షరాలు

బాన్సువాడ,
జూలై 2004

ప్రియమైన భూమేశ్ అన్నకు,

చెల్లెలు పల్లవి నమస్కారాలు. అవ్వా నేనూ బాగున్నాం. బీర్కూర్ పొలంలో నాట్లు పడ్డాయి, అవ్వ మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది. మస్కట్‌లో నువ్వు వేళకు తింటున్నావో లేదో రాయలేదు.

పోయిన ఉత్తరంలో అడిగావు: "ప్రవళిక ఫొటో మూడుసార్లు మెయిల్ల పంపిన. ఒక్క ముక్క జవాబు లేదు. క్రిస్టియన్ పిల్ల అనే గదా మీకు కోపం? ఇగ ఆమెకు వద్దని చెప్పేస్త." అన్నా, ఆ మెయిళ్లు మేం చూడనేలేదు. ఫోన్ చేస్తే మెయిల్ ఇక తెరవనని చెప్పి పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం.

నేను పనిచేసే, నువ్వు మెయిళ్లు పంపే ఇంటర్నెట్ సెంటర్‌కు రోజూ పాడు మెయిళ్లు కుప్పలుగా వచ్చేవి. నేర్చుకోవడానికొచ్చే ఆడపిల్లల ముందు తెరవాలంటే సిగ్గు. "సబ్జెక్టుల గా మాటలుంటే ఆపేటట్టు చెయ్యమ్మా" అన్నారు మా ఓనర్ గోపాల్ సార్. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో రూలు రాశాను. అంటే, ఫలానా అక్షరాల వరుస కనబడితే ఆ మెయిల్‌ను పక్కకు తొయ్యమని కంప్యూటరుకు చెప్పడం. ‘హాట్’ (hot) అన్న మాటా అందులో పెట్టాను. నీలా సబ్జెక్టులో ఇంగ్లిషులో ‘ఫొటో’ (photo) అని రాస్తే నడుమ అవే మూడక్షరాలు వస్తాయని నాకు తట్టలేదు. నీ ఉత్తరం చదివి, పక్కన పడ్డ మెయిళ్లన్నీ వెతికితే ప్రవళిక నవ్వుతూ కనిపించింది.

ఇప్పుడు ఆ మాట విడిగా ఉంటేనే పట్టుకునేలా అటూ ఇటూ హద్దు గుర్తులు పెట్టాను. ‘ఫొటో’ అని నాకు నేనే పంపి చూశాను, వచ్చింది.

ప్రింటు తీసి, నీ కొడుకు చేసుకుంటానన్న పిల్ల అని అవ్వకు చూపించాను. "మన దేవుడు వేరు, ఆల్ల దేవుడు వేరు గదనే" అంటూ ఫొటోను పక్కన పెట్టింది. తర్వాత, "నిరుడు నీ అన్నకు జరమొస్తే చూసుకున్న నర్సు గీమెనేనా?" అంది. అవునన్నాను. ఫొటోను మళ్లీ చేతిలోకి తీసుకుంది.

ఇంతసేపూ దాచిన మాట ఇక చెబుతాను, కోప్పడకు. నిన్ను అడగకుండానే మొన్న ఆదివారం ఇద్దరం బస్సెక్కి ప్రవళిక వాళ్ల ఊరు వర్నికి వెళ్లాం. వాళ్లమ్మ పూలమ్మ మమ్మల్ని చూసి గడపలోనే నిలబడిపోయింది.

"మా బిడ్డ ఫోన్ల ఒకటే ఏడుస్తుంది. మీరు వద్దన్నరంట గదా?"

అవ్వ చెప్పులు విడిచింది. "వద్దన్నోళ్లు ఇంటికొస్తరా వదినా? మంచినీళ్లియ్యి."

పూలమ్మ నీళ్లిచ్చి ఊరుకోలేదు, అన్నం పెట్టింది. అవ్వ మారు వడ్డించుకుని తిన్నది.

లగ్గం ఎట్లా చెయ్యాలో ఇంకా తేలలేదు. మన మేనమామ ఏమంటాడోనని అవ్వకు ఫికరే. అది మేం చూసుకుంటాం. ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని నువ్వు ప్రవళిక దగ్గరికి బయలుదేరు.

ఇట్లు,
నీ పెళ్లికి తొందరపడుతున్న చెల్లెలు,
పల్లవి