యజమానురాలి కొరియన్, డ్రైవరు కొరియన్

జూన్ 1, సోమవారం. ఉదయం 6:15

ఈ రోజు నుంచి కొరియన్ నేర్చుకుంటున్నాను. కారణం మనవరాలు. కొరియన్ పరీక్షలో రాతకు తొంభై ఒకటి, మాట్లాడటానికి పదకొండు. ఎదురుగా మనిషి కూర్చుని ప్రశ్న అడిగితే చాలు, పిల్లకు నోరు పడిపోతుంది. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఈ నెల 28న మూడోసారి. అదీ పోతే అనువాదకుల కోర్సులో సీటు పోతుంది. ఇంట్లో మాట్లాడదామంటే భాష వచ్చినవాళ్లు లేరు. నేనుంటాను. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఒక భాష ఎంత.

నియమాలు:
రోజుకు పది మాటలు. ఇరవై ఏడు రోజులకు రెండు వందల డెబ్బై.
భోజనాల బల్ల దగ్గర కొరియనే. అడగలేనిది తినకూడదు.
కొరియన్ సీరియల్ రోజుకు ఒక్క ఎపిసోడ్, సబ్‌టైటిల్స్ లేకుండా.

ఇవి ఇంట్లో అందరికీ వర్తిస్తాయని చెప్పాను. కోడలు అబ్బాయి మొహం చూసింది. అబ్బాయి పేపరు చూశాడు.

నేర్చినవి: 10.

జూన్ 2, మంగళవారం

మూల్ అంటే నీళ్లు. పాప్ అంటే అన్నం. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేదాన్ని. అబ్బాయి ఉప్పు అడగలేక చప్పిడి కూర తిన్నాడు.

మనవరాలు మంగళ, శుక్రవారాలు వీధి చివర సూప్ కొట్టు ఆవిడ దగ్గరకు వెళ్తోంది. కొరియా మనిషి. ముల్లంగి తరిగిపెడితే అరగంట మాట్లాడిస్తుంది. ఆవిడ దగ్గర మాత్రం పిల్ల నోరు కాస్త కదులుతోందట.

నేర్చినవి: 12. రెండు ఎక్కువ.

జూన్ 5, శుక్రవారం

ఉప్పు మాట గుర్తు రాలేదు. నాకే. నా వేలు దానంతటదే ఉప్పు డబ్బా వైపు వెళ్లింది.

"అత్తయ్యా, వేలు చూపిస్తే లెక్కలోకి వస్తుందా?" అంది కోడలు.

వేలు దించాను. చప్పిడే తిన్నాను.

నేర్చినవి: 6. ఎపిసోడ్లు: 2. రెండోది వినికిడి అభ్యాసం కింద వేశాను.

జూన్ 9, మంగళవారం

భోజన నియమానికి సవరణ: ఉదయానికీ రాత్రికీ వర్తించదు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు.

కొరియన్ పాటలతో నేర్చుకుందామని చూశాను. ఆరుగురు అబ్బాయిలు ఒకేసారి పాడితే ఎవరి దగ్గర నేర్చుకోవాలి. వరసగా పాడాలి.

సీరియల్ నయం. అందులో ఒక పెద్ద కంపెనీ యజమానురాలు ఉంది, నా ఈడుది. మాట ముత్యంలా ఉంటుంది. ఆవిడవే మూడు వాక్యాలు కంఠతా పట్టాను. "నీ స్థాయి తెలుసుకో." "నా కళ్ల ముందు నిలబడకు." "ఇప్పుడే బయటికి నడు." వాక్యానికి నాలుగు మాటలు వేసుకుంటే పన్నెండు.

ఎపిసోడ్లు: 4. సబ్‌టైటిల్స్ పెట్టాను. చదవడం కూడా చదువే.

జూన్ 12, శుక్రవారం. సాయంత్రం 6:40

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మనవరాలితో సూప్ కొట్టుకు వెళ్లాను. సూప్ బాగుందని చెప్పడానికి ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను. 5:20కి ఆవిడ గరిటె పట్టుకుని మా బల్ల దగ్గరకొచ్చి కొరియన్‌లో ఏదో అడిగింది. సిద్ధం చేసుకున్నది ఎగిరిపోయింది. మనవరాలు చూస్తోంది. పదకొండు మంది గిరాకీలు చూస్తున్నారు. నోరు పడిపోవడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. నోటికి దొరికిందే అనేశాను. తలుపు వైపు వేలు చూపించి, "తాంజాంగ్ నగా" అన్నాను. ఇప్పుడే బయటికి నడు.

ఆవిడ నడిచింది. సొంత కొట్టులోంచి, గరిటెతో సహా, వీధిలోకి. రెండడుగులు వేశాక కొట్టు ఎవరిదో గుర్తొచ్చి ఆగింది. గిరాకీలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మనవరాలితో "మంగళవారం నుంచి రాకు" అంది.

దారిలో మనవరాలు ఒక్కటే అంది. "నాన్నమ్మా, నాకు మాట్లాడటానికి ఉన్నది ఆవిడొక్కతే."

నేర్చినవి: లేవు.

జూన్ 13, శనివారం

"ఓ మాట సారీ చెప్పెయ్యమ్మా, పోతుంది," అన్నాడు అబ్బాయి.

"కొరియన్‌లో చెప్పాలిరా."

"మన భాషలో చెప్పు, ఏం?"

"మన భాషలో నేనెప్పుడూ చెప్పలేదు."

అబ్బాయి కాసేపు ఆలోచించి, నిజమేనన్నాడు.

పుస్తకంలో ఉన్న క్షమాపణ మరీ పొట్టిగా ఉంది. యజమానురాలు ఎలా చెబుతుందో చూసి అలాగే చెబుతాను. ఎపిసోడ్లు: 6. పరిశోధన.

జూన్ 15, సోమవారం

ఇరవై నాలుగు ఎపిసోడ్లూ అయిపోయాయి. యజమానురాలు ఒక్కసారి కూడా క్షమాపణ చెప్పలేదు. తన కోడలిని ఆస్పత్రి పాలు చేసి పువ్వులు పంపించి ఊరుకుంది. నాకు ఒళ్లు మండింది. నా పక్కన కూర్చుని చూస్తున్న మా కోడలు టీవీ వదిలి నా మొహం చూసింది.

ఆవిడ డ్రైవరు మాత్రం నలభై ఒక్కసార్లు చెప్పాడు. ఆ వాక్యమే పట్టాను. "చావదగ్గ తప్పు చేశాను."

జూన్ 16, మంగళవారం

4:45. ఒక్కదాన్నే వెళ్లాను. చేతులు కట్టుకుని, తల వంచి, డ్రైవరు వాక్యం చెప్పాను. ఆవిడ ఉల్లికాడలు తరగడం ఆపింది.

"ఈ మాట ఎక్కడ నేర్చారు?"

"సీరియల్లో."

"ఆ రోజు మాట?"

"అదీ సీరియలే."

ఆవిడ వచ్చీరాని మన భాషలో చెప్పుకొచ్చింది. "మా అత్త ఇరవై ఏళ్లు అదే మాట. అదే వేలు. అందుకే కాళ్లు బయటికి వెళ్లిపోయాయి." సూప్ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "ఈ రెండో మాట మా అత్త ఎప్పుడూ అనలేదు. మీరు ఇంకోసారి అనండి."

అన్నాను.

"ఇంకోసారి."

మూడోసారికి ఉచ్చారణ కుదిరింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఉల్లికాడల ఘాటు అంది. "శుక్రవారం పిల్లను పంపండి. మీరు వద్దు." నేను గడప దాటుతుంటే, "ఆకలేస్తే రండి" అంది.

ఇంటికొచ్చి అదే వాక్యం కోడలికి ఒకసారి వినిపించాను. అభ్యాసం కోసం. "బాగా వచ్చింది అత్తయ్యా," అంది.

జూన్ 28, ఆదివారం. సాయంత్రం 5:30

మార్కులు అక్కడే చెప్పేశారట. మాట్లాడటానికి అరవై నాలుగు. గట్టెక్కింది.

"ఏమడిగారే?"

"ఇంట్లో ఈమధ్య జరిగిందేదైనా చెప్పమన్నారు."

"ఏం చెప్పావు?"

"నువ్వు సూప్ ఆవిడని ఆవిడ కొట్టులోంచే గెంటెయ్యడం. వేలు కూడా పెట్టి చూపించాను. మొదలుపెట్టాక ఇక ఆగలేకపోయాను నాన్నమ్మా. చాలమ్మా చాలు అని వాళ్లే ఆపారు."

నా పరువు పోయింది. సరైన వ్యాకరణంతో పోయింది.

జూన్ 29, సోమవారం. ఉదయం 6:15

లక్ష్యం 270. కూర్చుని లెక్కపెడితే గుర్తున్నవి పందొమ్మిది. మనవరాలికి పై మెట్టు పరీక్ష డిసెంబరులో ఉంది. కాబట్టి ఈ రోజు నుంచి మళ్లీ మొదలు. రోజుకు ఐదు మాటలే. సీరియల్ పూర్తిగా బంద్.

6:40. నేర్చినవి: 2.

6:50. కోడలు రెండు కప్పుల టీతో వచ్చి కూర్చుంది. "అత్తయ్యా, రెండో సీజన్ వచ్చిందట. మీ చదువు కోసం పెట్టనా?"

చదువు కోసమైతే సబ్‌టైటిల్స్ లేకుండా చూడాలన్నాను. "అలాగే అత్తయ్యా," అంది.

7:04కి పెట్టాం.